సగంలో సగం

జూన్ 3

ఒరేయ్ తమ్ముడూ,

దీవెనలు చివర్లో రాస్తాను, ముందు తిట్లు తిను. మీ ఆఫీసు నుంచి నాకు కాగితం వచ్చింది. ఇరవై ఏళ్ళ కింద చేరినప్పుడు దగ్గరి బంధువు అన్న చోట నా పేరు రాశావు కదా, ఆ పాపం ఇప్పుడు పండింది. డ్యాం గేటు ఎత్తమని కబురు వచ్చిన పది నిమిషాలకి గానీ ఎత్తలేదట నువ్వు. ఇంజినీరు దగ్గరికొచ్చి చూస్తే నోరు గుప్పుమందట. అక్కడికీ మీ పెద్దవాళ్ళు మంచివాళ్ళు కాబట్టి ఒక దారి చూపించారు. తాగుడు మాన్పించే కార్యక్రమం ఒకటి ఆన్‌లైన్‌లో ఉంది, నలభై రోజులు. అది పూర్తిచేసి సర్టిఫికెట్ చూపిస్తే ఉంటావు, లేకపోతే ఉద్యోగమూ ఆ డ్యాం మీది ఇల్లూ రెండూ పోతాయి.

అక్కడ సిగ్నల్ లేదన్న సంగతి వాళ్ళకి తెలియదా అని అడగబోయి ఊరుకున్నాను. నోరు పెట్టుకుంటే ఇచ్చిన అవకాశం కూడా వెనక్కి తీసుకుంటారు. అందుకని నేనొక ఉపాయం చేశాను. నీ పేరుతో నా ఫోన్‌లో చేరుస్తాను. వాళ్ళడిగే ప్రశ్నలు నీకు రాసి పంపుతాను, నువ్వు జవాబులు రాయి, నేను నొక్కుతాను. మంగళవారం, శుక్రవారం మీ జీపు టౌనుకి వస్తుంది కదా, ఉత్తరాలు దాంట్లో పంపు.

మొదటి ప్రశ్న ఇదీ: రోజుకు ఎన్ని? ముప్ఫై మిల్లీలీటర్లు ఒక పెగ్గు అని లెక్క. నిజం రాయి. నా దగ్గర అబద్ధం ఆడటం కష్టం, పట్టుకోవడమే నా వృత్తి. మొన్న మా కళ్ళజోళ్ళ షాపుకి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. లైసెన్సు కోసం చూపు బాగుందని కాగితం కావాలి. గోడ మీది అక్షరాలు పై నుంచి కింది దాకా గడగడా చదివేశాడు. నాకు అనుమానం వచ్చి కింది వరస నుంచి పైకి చదవమన్నాను. మళ్ళీ పై వరస నుంచే అందుకున్నాడు. బయట వరసలో నిలబడ్డప్పుడే బట్టీ పట్టాడు పెద్దమనిషి.

నా సంగతి అడుగుతావేమో, బానే ఉన్నాను. షాపు మీది గదికి మెట్లెక్కితే కాస్త ఆయాసం, వయసు కదా.

దీవెనలతో,
నీ అక్క

జూన్ 8

అక్కకి,

ఉత్తరం అందింది. తిట్లు కూడా ఒక్కటి తక్కువ కాకుండా అందాయి.

గేటు సంగతి నువ్వు విన్నంత లేదు. పది నిమిషాలు కాదు, ఏడు. నోరు గుప్పుమనడం మాట నిజమే. నాతో పనిచేసే పెద్దాయన ఆ రోజు సెలవు, లేకపోతే ఆయనే ఎత్తేవాడు, ఈ గొడవే ఉండేది కాదు.

ఇక్కడ ఉండి చూస్తే తెలుస్తుంది. ఒక పక్క కొండ, ఒక పక్క నీళ్ళు, మధ్యలో ఎనిమిది గేట్లు, ఇద్దరు మనుషులు. రోజుకి మూడుసార్లు స్కేలు దగ్గరికి దిగి నీటి మట్టం చూడాలి, రిజిస్టరులో రాయాలి, వైర్‌లెస్‌లో చెప్పాలి. ఇరవై ఏళ్ళలో ఒక్క గడి ఖాళీ వదల్లేదు, ఒక్క అంగుళం తప్పు రాయలేదు. జ్వరంలో దిగాను, నీ మరదలు వెళ్ళిపోయిన రోజు కూడా దిగాను. తాగినా సరే, స్కేలు దగ్గర మాత్రం నా కన్ను తప్పదు. ఇది మీ కార్యక్రమం వాళ్ళకి చెప్పు.

నీ ప్రశ్నకి జవాబు: రోజుకు ఆరు. అంటే ఒక క్వార్టరు సీసా. అంతకు మించి లేదు.

మీ డ్రైవరు సంగతి చదివి నేనూ పెద్దాయనా తెగ నవ్వుకున్నాం. పాపం, లారీ లేకపోతే వాడేం తింటాడు? చూసీ చూడనట్టు పోవలసింది.

ఆయాసం అంటున్నావు, డాక్టరుకి చూపించు.

నీ తమ్ముడు

జూన్ 14

తమ్ముడూ,

చేర్చేశాను. ఇవాళ మొదటి రోజు. వచ్చే నెల ఇరవై మూడుతో నలభై అవుతాయి.

ఫోన్‌లో ఇంత పెద్ద వ్యవహారం ఉంటుందని నేననుకోలేదు. ఇరవై ఆరు ప్రశ్నలు. నీకు నిద్ర ఎలా పడుతుంది, పొద్దున లేచాక చేతులు వణుకుతాయా, ఎవరితోనైనా మాటలు పడ్డావా. నాకు తెలిసినవి నేను నొక్కాను, తెలియనివి లేవు అని నొక్కాను. అంతా అయ్యాక పేజీ ఆకుపచ్చగా మారింది. ఆకుపచ్చ అంటే ఇంట్లో ఉండే మానెయ్యొచ్చని అర్థం. ప్రాణం లేచొచ్చింది.

అవతల ఒక సలహాదారు ఉంది, ఆడపిల్లే, మాట తీరు చూస్తే ముప్ఫై దాటి ఉండదు. మనం రాసింది చదివి జవాబు రాస్తుంది. నేనే నువ్వనుకుంటోంది. 'సార్, ఈ అడుగు వేయడానికి చాలా ధైర్యం కావాలి' అంది. నన్ను పుట్టి బుద్ధెరిగాక ఎవరూ సార్ అనలేదు, కాసేపు అద్దంలో చూసుకున్నాను.

ఆ అమ్మాయి చెప్పినవి రాస్తున్నాను. ఇంట్లో సీసాలుంచుకోకు. ఆకలితో ఉండకు. తాగాలనిపిస్తే వెంటనే ఒక స్నేహితుడికి ఫోన్ చెయ్యి. మనసు బాగుండకపోతే నీళ్ళ ఒడ్డున కాసేపు కూర్చో. రోజూ ఎన్ని తాగావో రాసి పంపు, నేను అక్కడ ఎక్కిస్తాను.

నేను మటుకు బానే ఉన్నాను.

నీ అక్క

జూన్ 19

అక్కా,

నమస్కారం. నీళ్ళ ఒడ్డున కూర్చోమన్న సలహా పెద్దాయనకి చదివి వినిపించాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్నది ఇంకేముంది? స్నేహితుడికి ఫోన్ చేయమన్న దానికి ఇక్కడున్నది వైర్‌లెస్ ఒక్కటే. అందులో 'నాకు తాగాలనిపిస్తోంది' అని చెప్తే కింద ఉన్న నాలుగు ఊళ్ళ వాళ్ళు వరదొస్తోందని సామాన్లు సర్దుకుంటారు.

నవ్వులాటకి ఇంతే. ఇవాళ జీపులో వచ్చిన నీ కార్డు మాత్రం నాకు అర్థం కాలేదు. 'సాయంత్రం షట్టరు దించాక, వంటగదిలో అలికిడి లేనప్పుడు మీకు వచ్చే దిగులు గురించి ఆలోచించాను సార్' అని ఆ అమ్మాయి అన్నట్టు రాశావు. ఏ షట్టరు? ఏ వంటగది? నేను వండుకునేది గేట్ల మోటారు గది పక్కన. అక్కడ అలికిడి లేకపోవడమన్నది ఉండదు, నీళ్ళ మోత వల్ల పెద్దాయనతో మాట్లాడాలన్నా అరవాలి. నాకు దిగులు అని ఎవరు చెప్పారు?

ఈ వారం లెక్క: ఆరు, ఆరు, ఐదు, ఆరు, ఆరు.

వాన మొదలైంది. మట్టం రోజుకి ఒక అడుగు చొప్పున పెరుగుతోంది.

తమ్ముడు

జూన్ 25

తమ్ముడూ,

కోప్పడకు. ఆ అమ్మాయి ప్రశ్న పంపాక నలభై ఎనిమిది గంటల్లో జవాబు రాయకపోతే పేరు తీసేస్తారట. నీ ఉత్తరం రావడానికే నాలుగు రోజులు. ఇంకేం చేయను? కొన్ని నా బుర్రతో రాశాను. ఎప్పుడు తాగాలనిపిస్తుంది అని అడిగింది. నేనెప్పుడైనా తాగానా ఏమన్నానా, ఎలా తెలుస్తుంది? ఎప్పుడు బతుకు మీద విసుగొస్తుందో అది రాశాను. మీ బావ పోయాక ఆ మాట నన్నడిగిన వాళ్ళు లేరు. రాస్తూ ఉంటే రెండు పేజీలయింది. పొద్దున జవాబు చూస్తే 'మీరు ఒంటరి కాదు సార్' అని ఉంది. నీ పేరు మీద వచ్చిన ఓదార్పు నేను వాడుకున్నాను, క్షమించు.

ఇప్పుడు అసలు మాట. మానేసే తేదీ ఒకటి ఎంచుకోమంది. నీ లెక్కకి కొంచెం కొంచెం తగ్గించే పని లేదట, ఆ రోజు నుంచి పూర్తిగా ఆపెయ్యొచ్చట. నేను జూలై పదమూడు, సోమవారం అని పెట్టాను. పన్నెండో తేదీ ఆఖరు. ఆ తర్వాత పదకొండు రోజులు వరసగా సున్నా పడితే సర్టిఫికెట్ ఇస్తారు. ఒక్క రోజు తప్పినా మళ్ళీ మొదటికొస్తుంది.

ఇంత దూరం వచ్చాం. ఈ పదకొండు రోజులూ నా కోసం పళ్ళ బిగువున ఉండు.

ఆయాసం సంగతి అడిగావు. నడుమ ఒకసారి ఆగి ఎక్కుతున్నాను, అంతే. మెట్ల పక్క గోడ చల్లగా హాయిగా ఉంటుంది.

అక్క

జూలై 2

అక్కా,

ఒక సంగతి సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు.

ఒక్కసారిగా ఆపెయ్యమన్నారని పెద్దాయనకి చెప్తే ఆయన మొహం మారిపోయింది. వాళ్ళ మేనమామ ఒకాయన ఒట్టు వేసుకుని రాత్రికి రాత్రి మానేశాడట. రెండో రోజు లేనిపోనివి కనిపిస్తున్నాయని గోడలు గీకాడట, మూడో రోజు పోయాడట. ముందు డాక్టరుకి చూపించుకో అన్నాడు. నాకు పెద్దాయన మాట మీద కన్నా కాగితం మీద నమ్మకం ఎక్కువ, నీకు తెలుసు. కాగితం ఆపమంటే ఆపుతాను.

కానీ నువ్వు ఆరు అనే చెప్పావు కదా? ఆరు చెప్తేనే వాళ్ళు ఈ మాటన్నారా? పొద్దున చేతులు వణుకుతాయా అన్న ప్రశ్నకి ఏం రాశావు? ఎందుకంటే వణుకుతాయి. ఎక్కువేం కాదు, కొద్దిగా.

మట్టం ఇంకో తొమ్మిది అడుగులు పెరిగితే గేట్లు ఎత్తాలి. పదిహేను ప్రాంతంలో ఎత్తాల్సి వస్తుందని అందరూ అనుకుంటున్నారు. ఆ రోజుల్లో నేను సరిగ్గా ఉండాలి. అందుకే అడుగుతున్నాను.

తమ్ముడు

జూలై 7

తమ్ముడూ,

అన్నీ చెప్పాను రా. నువ్వు రాసింది రాసినట్టు ఎక్కించాను. పెద్దాయన మేనమామ ఎంత తాగేవాడో ఎవరికి తెలుసు? ఎక్కడో ఎవరికో ఏదో అయిందని మనకీ అవుతుందా? డాక్టర్లే కూర్చుని తయారుచేసిన లెక్క ఇది, మనకన్నా దానికి ఎక్కువ తెలుసు.

కొద్దిగా వణుకు అందరికీ ఉంటుంది. నాకూ సూది కంట్లో దారం ఎక్కించేటప్పుడు వణుకుతుంది. నువ్వు లేనిపోని భయాలు పెట్టుకుని వెనక్కి తగ్గకు. పదమూడు నుంచి ఒక్క చుక్క కూడా ముట్టకు. ఉద్యోగం నిలబడితే అన్నీ అవే సర్దుకుంటాయి.

ధైర్యంగా ఉండు.

అక్క

జూలై 14

అక్కా,

జీపు బయట హారన్ కొడుతోంది, నాలుగు ముక్కలు.

నిన్న ఆపేశాను. ఉన్న సీసాలు పెద్దాయన ఎదురుగా నీళ్ళలో ఒంపేశాను. కాస్త చెమట, కాస్త వణుకు. రాత్రి నిద్ర లేదు. ఇవాళ పొద్దున స్కేలు మీద అంకెలు కదులుతున్నట్టు అనిపిస్తే రెండుసార్లు చూసి రాశాను. పెద్ద విషయమేం కాదు.

రేపు గేట్లు ఎత్తుతాం. సున్నా వేసుకో.

తమ్ముడు

జూలై 24

నా బంగారు తండ్రీ,

నిన్న నలభై రోజులు పూర్తయ్యాయి! ఇదిగో సర్టిఫికెట్, మీ జీపు తీసుకెళ్ళే సంచిలో పడేలా స్వయంగా టౌను పోస్టాఫీసు పేరుకే పంపుతున్నాను. రంగుల కాగితం మీద తీయించాను. నీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ అమ్మాయి కూడా ఎంత సంతోషించిందో! 'మీలాంటి వాళ్ళని చూసే నేను ఈ పనిలో ఉన్నాను సార్' అంది.

పద్నాలుగు తర్వాత నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. వరద పనిలో తలమునకలై ఉంటావని నాకు తెలుసు. అందుకని రోజూ నేనే సున్నా నొక్కుతూ వచ్చాను. నువ్వు మాటిచ్చావంటే తప్పవు, ఆ నమ్మకం మీద నొక్కాను. పదకొండు సున్నాలు!

ఇప్పుడిక మీ ఇంజినీరు మొహాన కొట్టు ఆ కాగితం. అమ్మ ఉంటే ఎంత పొంగిపోయేది.

నీ అక్క

జూలై 29

అక్కా,

టౌను ఆసుపత్రి నుంచి రాస్తున్నాను. ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు నీకు తెలియకపోతే నిదానంగా చదువు. ఇక్కడ ఫోన్ ఉంది. ఫోన్‌లో నీ గొంతు వింటే సగంలో ఆపేస్తాను, అందుకే ఉత్తరం.

పదిహేనో తేదీ పొద్దున మూడో గేటు ఎత్తుతూ ఉండగా నాకు ఫిట్స్ వచ్చాయి. ఇనుప వంతెన మీద పడ్డాను. కుడి భుజం ఎముక విరిగింది, నాలుక తెగింది. కమ్మీ అడ్డం లేకపోతే నీళ్ళలో ఉండేవాణ్ణి. పెద్దాయన నన్ను పట్టుకునేసరికి గేటు సగంలో ఆగిపోయింది, నలభై నిమిషాలు అలాగే ఉంది. కింద పంపు షెడ్డు కొట్టుకుపోయింది. అందులో మనుషులు లేకపోవడం ఎవరి పుణ్యమో. ఆ పూట రీడింగు ఎవరూ రాయలేదు. రిజిస్టరులో నా చేతి కింద మొదటి ఖాళీ గడి అది.

నాలుగు రోజులు నాకు తెలివి లేదట. వరద హడావుడిలో నీకు కబురు పెట్టడం ఆఫీసువాళ్ళు మరిచారట. గోడ మీద ఏవో పాకుతున్నాయని మంచం దిగి పరిగెత్తబోతే కట్టేశారట. నువ్వు వేసిన పదకొండు సున్నాల్లో సరిగ్గా రెండు రోజులు నేను నేనుగా ఉన్నాను. మిగతా తొమ్మిదీ ఈ మంచం మీద సెలైను ఎక్కించుకుంటూ సంపాదించాను. మీ అమ్మాయికి చెప్పు, ఇంకా సంతోషిస్తుంది.

రంగుల కాగితం మొన్న పెద్దాయన తెచ్చిచ్చాడు. ఇక్కడి డాక్టరు తీసుకుని చదివాడు. నేను చూడని వెనక పేజీ కూడా చదివాడు. చదివి, 'రోజుకు మూడు పెగ్గులు తాగేవాడికి మానేస్తే ఇలా రాదే, ఇది మూర్ఛ జబ్బు అయి ఉంటుంది' అన్నాడు. జీవితాంతం మాత్రలు మింగాలట.

మూడు ఎక్కడిదక్కా? నేను ఆరు రాశాను. అడిగాను కూడా. 'రాసింది రాసినట్టు' అన్నావు. నీ ఉత్తరం నా దిండు కిందే ఉంది.

తమ్ముడు

ఆగస్టు 2

తమ్ముడూ,

ఏ మొహం పెట్టుకుని రాయను? రాయక ఎలా ఊరుకోను?

నేను ఆరే నొక్కాను. మొదట ఆరే నొక్కాను, అమ్మ మీద ఒట్టు. నొక్కగానే పేజీ ఎర్రగా అయిపోయింది. 'మీ అంతట మీరు మానే ప్రయత్నం చేయవద్దు, ప్రమాదం, మా డాక్టరు ఇవాళే మీతో మాట్లాడతారు' అని వచ్చింది. ఆ ఫోన్ వచ్చేది నాకు కదా. ఎత్తితే నా గొంతు. నువ్వు కాదని తెలిసిపోతే పేరు కొట్టేస్తారు, మీ ఆఫీసుకి తెలుస్తుంది, ఉద్యోగం పోతుంది. వెనక్కి వెళ్ళి ఐదు నొక్కాను, నాలుగు నొక్కాను, పసుపు రంగే వచ్చింది. మూడు నొక్కితే ఆకుపచ్చ అయింది. వణుకుతాయా అన్నదానికి లేదు అన్నాను, రోజువారీ లెక్కలోనూ మూడే ఎక్కించాను. నేను నీ ఉద్యోగాన్ని చూశాను రా, నిన్ను చూడలేదు. నువ్వు సూటిగా అడిగిన రోజు కూడా చెప్పలేకపోయాను. అప్పటికే తేదీ పెట్టేశాను, ఇప్పుడు బయటపెడితే చేసిందంతా గంగలో పోసినట్టవుతుందనుకున్నాను.

నన్ను ఏమన్నా అను. కానీ ఒక్క మాట విను, ఇప్పుడు తొందరపడకు. డాక్టరు మూర్ఛ అంటున్నాడు కదా, అననీ. మూర్ఛ అయితే ఎవరి తప్పూ కాదు. గేటు పని కాకపోయినా ఆఫీసులో ఏదో ఒక కుర్చీ ఇస్తారు. సర్టిఫికెట్ చేతిలో ఉంది. ఆ మాత్రలు మింగితే మాత్రం ఏం పోయింది? కాగితం నోరు మూసుకుని ఉంటే నువ్వూ మూసుకుని ఉండు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

వద్దామంటే ఒంట్లో కొద్దిగా నలతగా ఉంది. తగ్గగానే వస్తాను.

నీ అక్క

ఆగస్టు 11

అక్కా,

నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెప్తాను. ఆరు కూడా అబద్ధమే. పన్నెండు.

రోజుకి రెండు క్వార్టర్లు, మూడేళ్ళుగా. నీకు రాయాలని కలం పట్టుకుంటే సిగ్గేసింది, సగం చేసి రాశాను. నువ్వు ఆ సగాన్ని మళ్ళీ సగం చేశావు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. ఇద్దరిలో ఏ ఒక్కరు నిజం చెప్పినా బతికిపోయేవాళ్ళం. నేను పన్నెండు రాసి నువ్వు సగం చేసినా పేజీ ఎర్రగానే ఉండేది. నేను ఆరు రాసి నువ్వు ఆరే ఉంచినా ఎర్రగానే ఉండేది. పాపం ఆ యంత్రం దాని పని అది చేసింది. ప్రమాదం అని అరిచింది కూడా. మనిద్దరం చెరొక చెయ్యి వేసి దాని నోరు నొక్కేశాం.

లోకంలో అందరూ గోరంతలు కొండంతలు చేస్తారు. మనింట్లో కొండంతని గోరంత చేస్తాం. అమ్మ నేర్పిన విద్యే ఇది. నాన్నకి జ్వరం మండిపోతుంటే 'కాస్త వెచ్చగా ఉంది' అనేది. తన కడుపులో గడ్డ పిడికిలంత అయ్యేదాకా 'ఏదో పట్టేసింది' అనేది. ఉన్నదాంట్లో సగం చెప్తే చాలు, మిగతా సగం చూసేవాళ్ళకే తెలుస్తుందని ఆవిడ నమ్మకం. ఎవరికీ తెలియలేదు. ఆవిడ పోయిన రోజు డాక్టరు మనల్ని ఎలా చూశాడో గుర్తుందా? నాలుగు రోజుల కింద నన్ను ఈ డాక్టరు అలాగే చూశాడు.

అవును, చెప్పేశాను. పన్నెండు అన్నాను. ఆయన కలం కింద పెట్టేశాడు. 'ఈ ముక్క జూన్‌లో చెప్పి ఉంటే పది రోజులు ఇక్కడ పడుకోబెట్టి, మందులిచ్చి, మెల్లగా దింపేవాళ్ళం, భుజమూ విరిగేది కాదు, ఏదీ అయ్యేది కాదు' అన్నాడు. మూర్ఛ లేదని రాశాడు, మాత్రలు ఆపేశాడు. నీ సర్టిఫికెట్ నకలు పెద్దాయన అప్పటికే ఆఫీసులో ఇచ్చేశాడు, డాక్టరు కాగితమూ అక్కడికే వెళ్ళింది. నిన్న ఉత్తర్వు వచ్చింది. తాగినందుకు కాదు తీసేసింది. తప్పుడు సర్టిఫికెట్ ఇచ్చినందుకట. తాగుబోతుకి ఇంకో అవకాశం ఉందట అక్కా, దొంగ లెక్క రాసినవాడికి లేదట. ఇరవై ఏళ్ళు అంగుళం తప్పకుండా రాసిన చేతికి ఆ పేరు వచ్చింది.

నోరు మూసుకుని ఉండమన్నావు. నాకూ ఆ ఆశ పుట్టలేదని అనను, మూడు రోజులు ఉంది. లేని జబ్బుకి మాత్రలు మింగుతూ, ఉన్న జబ్బుకి ఏమీ మింగకుండా ఎన్నాళ్ళు? ఎక్కడో ఒకచోట స్కేలు దగ్గరికి దిగి చూసుకోవాలి కదా.

డ్రైవర్ని పట్టుకున్నావే, ముక్కూ మొహం తెలియని వాణ్ణి! కింది వరస నుంచి చదవమన్నావే! నన్ను ఒక్కసారి కూడా అడగలేదేం? నాకు నీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. అదీ సగం చెప్పడమే అవుతుంది. కోపం ఉంది. చాలా ఉంది. నా మీద ఉన్నదానికి ఏ మాత్రం తక్కువ కాదు.

ఇంకో వారం ఇక్కడే ఉంచుతారు. తర్వాత పెద్దాయన ఇంటి వెనక గదిలో ఉంటాను. నీ దగ్గరికి రాను, పిలవకు. ఇక మీదట ఉత్తరం రాస్తే నిజమైన లెక్క రాయి, లేకపోతే రాయకు. ఈ రెండు నెలలుగా నువ్వు ప్రతి ఉత్తరంలోనూ కాస్త, కొద్దిగా, అంతే అని రాస్తూ వచ్చావు. నేనూ గుడ్డివాడిలా చదువుతూ వచ్చాను. ఇప్పుడు కింది వరస నుంచి చదువు. నీ గదికి మెట్లెన్ని? ఎన్నో మెట్టు దగ్గర ఆగుతున్నావు?

తమ్ముడు

ఆగస్టు 17

తమ్ముడికి,

మెట్లు ఇరవై రెండు. ఐదో మెట్టు దగ్గర కూర్చుంటాను. ఆరోది ఎక్కలేను.

పైగదికి వెళ్ళి పది వారాలయింది. షాపులోనే, అద్దాల బల్ల వెనక చాప వేసుకుని పడుకుంటున్నాను. పడుకుంటే ఊపిరి అందదు, అందుకని గోడకి ఆనుకుని కూర్చుంటాను. కాళ్ళు వాచాయి, నొక్కితే గుంట పడి అలాగే ఉంటుంది. ఆ అమ్మాయికి వంటగది గురించి రెండు పేజీలు రాశానే, అప్పటికే ఆ వంటగదిలో నేను లేను. నిన్ను చూడటానికి రాలేకపోయింది కొద్దిగా నలత వల్ల కాదు. బస్సు మెట్టు ఎక్కలేక దిగి వచ్చేశాను. రెండుసార్లు.

ఆ అమ్మాయికి నిన్న అంతా రాసేశాను, నేను నువ్వు కాదని. ఇంకా జవాబు లేదు. నలభై ఎనిమిది గంటలు కాలేదనుకో.

పిలవను. రేపు పొద్దున పక్క షాపు ఆవిడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంది. ఎన్ని మెట్లెక్కగలరు అని అడిగితే ఐదు అని చెప్తాను. నిజానికి ఈ వారం నాలుగే. నాలుగు అని చెప్తాను.

నీ అక్క